మాట బంద్ అయిన ఇల్లు

మిల్లుల్లో వడ్లు ఉడికే వాసన మిర్యాలగూడలో ఉన్నవాళ్ల ముక్కుకు తగలను కూడా తగలదు. పుట్టిందిక్కడ కాదు కాబట్టి నాకు ఇంకా తగులుతుంది. మొన్న సోమవారం వేములపల్లి వైపు బడికి వెళ్తుంటే ఆటో రైల్వే గేటు దగ్గర ఆగింది. తడి ఆవిరితో బరువెక్కిన ఆ వాసన, పక్క సందులో ఏదో ప్రైవేటు బడి మైకులోంచి పిల్లల కోరస్, రెండూ ఒకేసారి వచ్చి మీద పడ్డాయి. "గు...డ్ మా...ర్నింగ్ మే...డమ్" అని సాగదీసి, చివర్న కత్తిరించినట్టు తెంపేశారు. నా పక్కన కూర్చున్నామె "ఎంత ముద్దుగ అంటున్నరో సూడుండ్రి" అని మురిసిపోయింది. నాకు ఒళ్లు మండింది. ఆటోవాడితో కిరాయి దగ్గర గొడవపడ్డప్పుడు కూడా అంత మండలేదు. ఒకప్పుడు నా పక్క క్లాసుకు చెప్పిన విజయలక్ష్మి మేడం గుర్తొచ్చిందంటే ఇదే వరస. పాత టీచర్లు గుర్తొస్తే కొందరికి కళ్లు చెమరుస్తాయట. ఆవిడ గుర్తొస్తే నాకు పళ్లు బిగుసుకుంటాయి. ఆవిడకు కూడా అదే నచ్చేది అనుకుంటాను.

నేనెవరో ముందు చెప్పాలి. మాది సూర్యాపేటలో స్టీలు సామాన్ల దుకాణం. బిందెల మధ్య పెరిగాను, టిఫిన్ డబ్బాల మధ్య హోంవర్కు చేశాను. తుంగతుర్తి వైపు నుంచి పెళ్లి సామాను కొనడానికి వచ్చే ఆడవాళ్లు "మళ్ల వస్తం" అని చెప్పులేసుకుంటుంటే, వాళ్లను మెట్ల మీంచి వెనక్కి రప్పించే పని మా నాయన నాకు అప్పగించేవాడు. అందులో నాకు మంచి పేరు. కూరగాయల దగ్గర, బట్టల దగ్గర, చివరికి మా ఆయనతో ఎవరు ముందు అన్నం తినాలన్న దగ్గర కూడా బేరం ఆడకుండా నాకు పొద్దు గడవదు. డీఎడ్ చదివి, పెళ్లయి మిర్యాలగూడకు వచ్చి, ఒక ప్రైవేటు బడిలో చేరాను. ఆ బడి కరస్పాండెంట్ సారు నన్ను తీసుకున్నది నా చదువు చూసి అయితే కాదు. ఇంటర్వ్యూలో ఆయన ఒక మాట అంటే నేను నాలుగు అన్నాను. "నిన్ను అడ్మిషన్ల కాడ కూసోబెడితే సాలమ్మా" అన్నాడు. దాన్ని మెచ్చుకోలు అనుకుని ఇంటికొచ్చి అందరికీ చెప్పుకున్నాను.

మా బడి ఒక బియ్యం మిల్లు ప్రహరీని ఆనుకుని ఉండేది. నాది రెండో తరగతి, పక్క గది ఒకటో తరగతి. ఆ గదిలో విజయలక్ష్మి మేడం. ఆంధ్రా సరిహద్దులోని కోదాడ నుంచి వచ్చింది. బక్కపలుచటి మనిషి, యాభై దాటి ఉంటాయి. వారమంతా బడి వెనక సందులో కిరాయి గదిలో ఉండి, శనివారం సాయంత్రం కోదాడ బస్సెక్కేది. ఆవిడ "వచ్చావా, తిన్నావా, ఏంటి" అంటుంటే స్టాఫ్ రూములో మేము వెనక నుంచి "ఏంటండీ, ఏంటండీ" అని ఎక్కిరించేవాళ్లం. ఆవిడ వినేది, వెనక్కి తిరిగి చూసేది కాదు.

ఆ బడిలో ఒక ఆచారం ఉండేది. తెలుగులో మాట్లాడుతూ దొరికిన పిల్ల మెడలో ఒక అట్టముక్క వేలాడదీసేవాళ్లు. దాని మీద ఎర్ర స్కెచ్‌పెన్నుతో, ఇంగ్లీషులో, నేను తెలుగు మాట్లాడాను అని రాసి ఉండేది. అది వదిలించుకోవాలంటే తెలుగు మాట్లాడే ఇంకొకర్ని పట్టివ్వాలి. పిల్లలు ఇంగ్లీషు నేర్చుకున్నారో లేదో గానీ పొంచి వినడం మాత్రం బ్రహ్మాండంగా నేర్చుకున్నారు. విజయలక్ష్మి మేడం చేరిన మొదటి వారమే ఆ అట్టను ఒక పిల్లాడి మెడలోంచి తీసి తన మెడలో వేసుకుంది. అలాగే ప్రార్థనలో నిలబడింది, అలాగే అన్నం తిన్నది. పిల్లను దింపడానికి వచ్చిన ఒకాయన ఆగి మరీ చదివాడు. కరస్పాండెంట్ సారు పరుగెత్తుకొచ్చి, "మేడం, గదేంది? తీసెయ్యుండ్రి, మంచిగ లేదు" అన్నాడు.

"నేను పొద్దున్నించీ తెలుగే మాట్లాడుతున్నాను సార్. రూలు రూలే కదా" అంది.

"గది పిల్లలకు మేడం!"

"నాకు సిగ్గయితే వాళ్లకీ సిగ్గే. మీకు చూడ్డానికి బాగోలేదంటే పిల్లల మెడలో ఎలా బాగుంది?"

మరునాటికి అట్ట మాయమైంది. నేను స్టాఫ్ రూములో కూర్చుని, ఆయనతో ఇంకొంచెం మెత్తగా మాట్లాడి ఉంటే అట్ట వారానికి రెండు రోజులే అన్న లెక్కకు ఒప్పుకునేవాడు కదా అని ఆలోచించాను. నా బుర్ర అప్పుడు అలాగే నడిచేది.

ఆ ఏడు ఒకటో తరగతిలో అఖిల అనే పిల్ల చేరింది. వేములపల్లి అవతల ఒక తండా నుంచి వ్యాన్లో వచ్చేది. ఇంట్లో లంబాడీ మాట, తండా దాటితే తెలుగు, బడిలో ఇంగ్లీషు. ఆరేళ్ల పిల్లకు మూడు భాషలు, వాటిలో చేతికి చిక్కింది ఒక్కటే. తండ్రి రవి మిల్లులో బస్తాలు మోసేవాడు, తల్లి శాంతి నాట్లకూ కలుపులకూ పోయేది. అఖిలను చేర్చుకున్నది నేనే. మొదటి వారాల్లో ఆ పిల్ల క్లాసులో ఎవరితోనూ మాట్లాడేది కాదు గానీ, తనలో తాను ఏదో గొణుక్కుంటూ ఉండేది. పలక మీద గీతలు గీస్తూ గొణుగుడు, బూట్ల తాడు విప్పుతూ గొణుగుడు. ఒకరోజు వాళ్ల మేడం గదిలో లేనప్పుడు క్లాసు లీడరు పిల్లాడు ఆమెను చెయ్యి పట్టి నా దగ్గరికి లాక్కొచ్చాడు. "మేడం, ఈమె లంబాడీల మాట్లాడుతున్నది. గిది తెలుగు కాదు గద, కొట్టాల్నా వద్దా?" అని అడిగాడు. నాకు నవ్వొచ్చింది. విజయలక్ష్మి మేడానికి చెప్తే ఆవిడ నవ్వలేదు. "గొణగనీ. ఆ గొణుగుడే పునాది. దాని మీదే ఇంకో భాష లేస్తుంది" అంది. ఇంకో మాట కూడా చెప్పింది. కొత్త భాషలో పడ్డ పిల్లలు కొన్నాళ్లు నోరు విప్పరు, చెవులతో పోగేసుకుంటూ ఉంటారు, ఆ కాలంలో మాట్లాడు మాట్లాడు అని వాళ్లను గిచ్చకూడదు అంది. నాకు వెంటనే అర్థమైంది. దుకాణంలోకి వచ్చి ఊరికే గిన్నెలు తిప్పి చూసేవాళ్లను "ఏం కావాలె" అని మీద పడితే మెట్లు దిగిపోతారు. ఆ మాట అంటే మేడం నన్ను మొదటిసారి మనిషిలా చూసింది.

జూలైలో తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. కరస్పాండెంట్ సారు మైకు పట్టుకున్నాడంటే వదలడు. ఆ రోజు గొంతు పెంచి చెప్పాడు: "బడిల మేం ఎంత చెప్పినా ఇంటికి పొయ్యి మీరు పాడు చేస్తున్నరు. ఇయ్యాల్టి సంది ఇంట్ల మీ భాష బంద్! పిల్లలతోని ఇంగ్లీషే మాట్లాడాలె. రాదంటరా? రాకుంటే మాట్లాడకుండ్రి! గంతే!" అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరసలో కూర్చున్న ఎరువుల కొట్టు ఆయన ఇంకా గట్టిగా కొట్టి, బయటికొచ్చీ రాగానే కొడుకును "నడువ్ రా, మీ అమ్మ సూస్తుంటది" అని తెలుగులో కేకేసుకుంటూ పోయాడు. అందులో ఆశ్చర్యం ఏముంది? మేం అంగట్లో పెరిగినవాళ్లం. మైకులో వచ్చిన మాట ఏదైనా సగానికి సగం తగ్గించే వింటాం. మాకు ఎవరూ నేర్పక్కర్లేదు. వెనక గోడ దగ్గర నిలబడి విన్న శాంతికీ రవికీ ఆ అలవాటు లేదని నాకు అప్పుడు తట్టలేదు.

దసరా సెలవులకు ముందే మేడం నన్ను అడిగింది. "సునీతా, అఖిల గొణుగుడు ఏమైంది?"

"బంద్ చేసింది మేడం. మంచిదే గద, కుదురుకున్నది."

"కుదురుకోలేదు. ఆరిపోయింది" అంది.

నిజంగానే ఆ పిల్ల మొహం ఆరిపోయినట్టు ఉండేది. చెప్పిన పని చేసేది. "బ్రింగ్ ద బ్లూ బకెట్" అంటే నీలం బకెట్టే తెచ్చేది, ఎర్రది ముట్టుకునేది కాదు. తలుపు మూయమంటే మూసేది, కిటికీ దగ్గర నిలబడమంటే నిలబడేది. అంతా అర్థమయ్యేది. గొంతులోంచి మాత్రం చప్పుడు లేదు. కింద పడి మోకాలు చీరుకుపోయినా గట్టిగా ఏడ్చేది కాదు. విజయలక్ష్మి మేడం ఆ మోకాలికి మందు రాస్తూ "ఏడవ్వే, ఏడవ్వమ్మా" అని బతిమాలడం నా కళ్లతో చూశాను.

దసరా అయ్యాక కరస్పాండెంట్ సారు ఫోను పట్టుకుని క్లాసుల్లోకి వచ్చాడు. మా బడి పిల్లల ఇంగ్లీషు చూడండి అని వీడియోలు తీసి జనానికి పంపడానికి. ఒక్కొక్క పిల్లనూ నిలబెట్టి పేరు అడుగుతున్నాడు. అఖిల దగ్గర ఆగిపోయాడు. రెండోసారి అడిగాడు, గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి అడిగాడు. ఆ పిల్ల కళ్లు గట్టిగా మూసుకుంది. "ఏంది మేడం, మూగదాన్ని చేర్చుకున్నమా?" అని పిల్ల ఎదుటే అన్నాడు. "పరీక్షలు కాంగనే టీసీ ఇచ్చి పంపుండ్రి. సర్కారు బడి ఉండె గద. నా బడి పేరు ఖరాబైతది."

మేడం నోరు తెరిచేలోగా నేను ఆయన వెంట ఆఫీసు దాకా పోయాను. నాకు వచ్చిన విద్యంతా బయటికి తీశాను. సార్, తండా నుంచి ఇంకా నలుగురు పిల్లలు వచ్చేటట్టున్నరు, ఈ పిల్లను పంపితే ఎవ్వరూ రారు. సార్, జర ఓపిక పట్టుండ్రి. సార్, వార్షికోత్సవం దాకా టైమియ్యుండ్రి, స్టేజీ మీద ఆ పిల్లతోని నేను మాట్లాడిపిస్త. ఆయన గొణిగాడు, లేచాడు, కూర్చున్నాడు, ఒప్పుకున్నాడు. పెద్ద గిరాకీని మెట్ల మీంచి వెనక్కి తెచ్చినంత గర్వంతో ఒకటో తరగతి గదికి వచ్చి మేడానికి చెప్పాను.

ఆవిడ చేతిలో చాక్‌పీసు రెండు ముక్కలైంది. "ఏం ఇచ్చొచ్చావు?"

"ఏం ఇయ్యలే మేడం, టైము తెచ్చిన."

"పిల్ల గొంతు తాకట్టు పెట్టి టైము తెచ్చావు. ఫలానా రోజుకి మాట్లాడకపోతే తీసుకుపొమ్మని సంతకం పెట్టొచ్చావు. ఎవరడిగారు నిన్ను? అది బిందెనా?"

నాకూ కోపమొచ్చింది. "నేను పోకుంటే రేపే పంపుతుండె! మీరు అట్ట మెడల ఏసుకుంటే ఆయన ఊకున్నడు గని, గిది ఆయన యాపారం మేడం. మీ తీరుగ ఒర్లితే పిల్ల రోడ్డు మీదుంటది."

ఇప్పటికీ ఆ రోజు నేను చేసింది తప్పు అని ఒప్పుకోను. ఆవిడ అన్నదీ తప్పు కాదు. చివరికి ఆవిడే చీర కొంగుతో చేతులకంటిన చాక్‌పీసు పొడి తుడుచుకుని, "ఆదివారం నేను ఊరెళ్లను. వాళ్లింటికి పోదాం, వస్తావా?" అంది.

ఆదివారం వేములపల్లి దాకా బస్సులో, అక్కడి నుంచి ఆటోలో తండాకు వెళ్లాం. వరి కోతలు మొదలయ్యాయి, దారి పొడుగునా వడ్లు ఆరబోసి ఉన్నాయి. అన్ని ఇళ్లలోంచీ మాటలు, టీవీలు, కేకలు. అఖిల వాళ్ల ఇంటి ముందు మాత్రం రవి తల్లి ఒక్కతే మంచం బయట వేసుకుని కూర్చుని ఉంది. లోపల శాంతి పిల్లకు అన్నం పెడుతోంది. పళ్లెం వైపు వేలు చూపించింది. పిల్ల తిన్నది. చెంబు వైపు చూపించింది. పిల్ల తాగింది. మమ్మల్ని చూసి శాంతి గాబరాగా లేచి, తెలుగులో "రండి మేడం, కూసోండి" అని చాప పరిచింది. మొహంలో సంతోషం దాచుకోలేకపోతోంది. బడి టీచర్లు ఇంటికొచ్చారు మరి.

మేడం అడిగింది. "ఇంట్లో అఖిల మాట్లాడుతుందా అమ్మా?"

"లేదు మేడం. అస్సల్ మాట్లాడది. మేం మాట్లాడనిస్తలేం." అదొక మంచి పని చేసినట్టు చెప్పింది. "సార్ చెప్పిండు గద మేడం, మీ భాష బంద్ అని. మాకు ఇంగ్లీషు రాకపాయె. తెలుగు గూడ గీ కొంచెమే. అందుకే పిల్లతోని ఊకుంటున్నం. మా అత్త నోరు ఆగదని మంచం బయటేసినం."

"ఎప్పటి నుంచి?"

"మీటింగు కాన్నుంచే. నిద్రల మా భాషల కలవరిస్తది మేడం. గప్పుడు లేసి నోరు మూస్త." ఆమె ఆగి, భయంగా అడిగింది: "ఇంగ్లీషు వస్తున్నదా మేడం?"

నేను గోడ వైపు తిరిగాను. విజయలక్ష్మి మేడం మంచినీళ్లు అడిగి తాగింది. తర్వాత చాలా మెల్లగా, "శాంతీ, ఇప్పుడు నీ బిడ్డను మీ మాటలో పిలువు. నా ఎదురుగా పిలువు" అంది. శాంతి మొగుడి కోసం గుమ్మం వైపు చూసింది, మా వైపు చూసింది. చివరికి తమ భాషలో బిడ్డను ఏదో అంది. రా అన్నదో, తిన్నావా అన్నదో. అఖిల కంచం దగ్గర్నుంచి ఒక్క ఉదుటున లేచి వచ్చి, అన్నం మెతుకులంటిన చెయ్యి తల్లి నోటి మీద పెట్టి మూసింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో మేడం చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, ఎవరి గొంతో పట్టుకున్నట్టు సంచీ తాళ్లు పట్టుకుని కూర్చుంది.

సోమవారం ఆఫీసులో ఆవిడ గొంతు మిల్లు చప్పుడును దాటి మూడో తరగతి దాకా వినిపించింది. "మూడు నెలలు సార్! ఒక ఇల్లు మూడు నెలలు నోరు మూసుకుని కూర్చుంది! తల్లి బిడ్డ నోరు మూస్తోంది, బిడ్డ తల్లి నోరు మూస్తోంది!"

"అరె, నేనేదో మాటవరసకు అన్న మేడం. అంతమంది అర్థం చేసుకున్నరు, వాళ్లకే ఎక్కలే. నేనేం జెయ్యాలె?"

"వాళ్లకే ఎక్కింది. మీ మాట నమ్మినవాళ్లు ఈ ఊరు మొత్తం మీద వాళ్లొక్కరే. ఆ నమ్మినందుకా మీరు టీసీ ఇచ్చేది?"

ఆయన ఫోను తీసి చెవికి పెట్టుకున్నాడు.

ఆ చలికాలం నేను చూసిన చదువు చెప్పడం మళ్లీ ఎక్కడా చూడలేదు. ఏ ట్రైనింగులోనూ చూడలేదు, నేను చాలా ట్రైనింగులకు పోయాను, భోజనాలు బాగుంటాయి. మేడం ముందు శాంతికి ఒకటే పని చెప్పింది. ఇంట్లో పిల్లతో మాట్లాడమంది. తిట్టమంది, కథలు చెప్పమంది, పక్కింటావిడ మీద చాడీలు చెప్పినా సరే మీ మాటలో చెప్పమంది. కూలి లేని రోజుల్లో శాంతిని పిలిచి క్లాసులో వెనక కూర్చోబెట్టేది. బొమ్మ చూపించి కథను ఇంగ్లీషులో చిన్న చిన్న మాటల్లో, చేతులతో మొహంతో నటిస్తూ చెప్పేది. శాంతి అదే బొమ్మను తమ మాటలో కూతురికి చెప్పేది. మొదట్లో మిగతా పిల్లలు నవ్వారు. "మీకు రెండు మాటలొస్తే అఖిలకు మూడొస్తాయి, ఎవరు గొప్ప?" అని అడిగాక వాళ్లే వచ్చి శాంతిని నీళ్లను ఏమంటారు, కుక్కను ఏమంటారు అని అడగడం మొదలుపెట్టారు.

నేను సూర్యాపేట పోయి మా దుకాణం నుంచి సొట్ట పోయిన గిన్నెలు, మూతలు ఒక బస్తా తెచ్చాను. "బడిల గిన్నెలెందుకే?" అని నాయన అడిగితే, "అమ్మనీకి" అన్నాను. క్లాసులో దుకాణం పెట్టాం. దుకాణదారును నేను, గిరాకీలు పిల్లలు, మాటలన్నీ ఇంగ్లీషే. గిన్నె తీసుకున్నవాళ్లకు సరిపోని మూత అంటగట్టడం నా పని, సరైంది రాబట్టుకోవడం వాళ్ల పని. అఖిల వంతు వచ్చింది. పెద్ద గిన్నె పట్టుకుని నిలబడింది. చిన్న మూత ఇచ్చాను. దాన్ని గిన్నె మీద పెట్టి చూసింది, లోపల పడిపోయింది. వెనక్కి తిరిగి తల్లితో తమ భాషలో ఏదో అంది. పైకే అంది. శాంతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా ధోరణిలో నేను, "గుడ్ లిడ్ మేడం, వెరీ గుడ్ లిడ్, సూర్యాపేట్ లిడ్" అని ఊదరగొట్టాను. ఆ పిల్ల మూత తీసి నా చేతిలో పెట్టింది. "నో. స్మాల్. గివ్ బిగ్."

ఎంతటి గట్టి గిరాకీనైనా మాటలతో పడగొట్టినదాన్ని, నోరు మూసుకుని పెద్ద మూత తీసిచ్చాను. పరుగెత్తుకుపోయి ఊరంతా చెప్పాలనిపించింది. విజయలక్ష్మి మేడం నా చెయ్యి పట్టి ఆపింది. "ఎవరికీ చెప్పకు. ఆయనకు అసలే చెప్పకు. చెప్తే రేపే స్టేజీ ఎక్కిస్తాడు."

కానీ గడువు తెచ్చింది నేను. ఆయన మరిచిపోయే మనిషి కాడు. వార్షికోత్సవం ముందు వారం వచ్చి, "ఆ పిల్లతోని రెండు మాటలు చెప్పిస్తమన్నరు గద? పేరు రాసుకుంటున్న" అన్నాడు. మేడం కుదరదంది. క్లాసులో మాట్లాడుతోంది, అది చాలు, జనం ముందు ఎప్పుడు మాట్లాడాలో ఆ పిల్లే చెప్తుంది అంది. ఎనిమిదో తరగతి లోపు పిల్లను బడిలోంచి తీసేయడానికి చట్టం కూడా ఒప్పుకోదంది. "చట్టం సంగతి నేను సూసుకుంట. వాళ్లే రాసిస్తే ఏ చట్టం ఆపుతది?" అని ఆయన మరునాడే రవినీ శాంతినీ ఆఫీసుకు పిలిపించాడు.

పిల్లను మేమే మాన్పించుకుంటున్నాం అని రాసిన కాగితం బల్ల మీద పెట్టి ఉంది. రవి తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని, "మీరెట్లంటే గట్ల సార్" అన్నాడు. వేలిముద్ర కాదు, వచ్చీ రాని అక్షరాలతో సంతకం పెట్టడానికి పెన్ను అందుకున్నాడు. నేను మళ్లీ బేరానికి దిగాను. సార్, జూన్ దాకా... విజయలక్ష్మి మేడం నా వైపు చూసిన చూపుకు అక్కడే ఆగిపోయాను. ఆ క్షణంలో శాంతి పెన్ను లాగేసుకుంది.

తర్వాత ఆమె మాట్లాడింది. తెలుగులో మొదలుపెట్టింది, "మా నోర్లు మూపిచ్చింది నువ్వు" అన్నదాకా తెలుగు వచ్చింది. అక్కడితో ఆమెకు తెలుగు చాలలేదు. లంబాడీలో అందుకుంది. ఒక్క ముక్క నాకు అర్థం కాలేదు, అర్థం కానిదీ లేదు. నెలల తరబడి బిగబట్టిన మాట అంతా ఆ గదిలో కుమ్మరించింది. కిటికీ అవతల హమాలీలు బస్తాలు దించి చూస్తున్నారు. కరస్పాండెంట్ సారు కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. "ఏమంటున్నదే? అరె, ఎవరన్న చెప్పుండ్రి, ఏమంటున్నది?" అని అరిచాడు.

గుమ్మంలోంచి, మేడం కొంగు పట్టుకుని నిలబడ్డ అఖిల చెప్పింది. స్పష్టంగా, ఆయన మొహంలోకి చూసి చెప్పింది.

"మై యాడి ఈజ్ యాంగ్రీ, సార్."

యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

అప్పుడు ఆయన ఏం చేశాడో చెప్తే మీరు నమ్మరు. ఫోను తీశాడు. మొహం నిండా నవ్వు పులుముకుని, "సూపర్ బేబీ! వన్ మోర్ టైం, మళ్లొక్కసారి చెప్పు" అని కెమెరా ఎత్తాడు. విజయలక్ష్మి మేడం రెండంగల్లో వచ్చి, ఆ ఫోనును ఆయన చేతితో సహా కిందికి, బల్ల మీదికి నొక్కిపెట్టింది. "ఆ మాట మీకు చెప్పింది. ఊరికి చూపించుకోడానికి చెప్పలేదు" అంది. ఆ చెయ్యి ఎంతసేపటికీ తీయలేదు.

అఖిలకు టీసీ ఇవ్వలేదు. ఇంగ్లీషు వచ్చిన పిల్లను ఎవరు వదులుకుంటారు? జూన్‌లో బడి తెరిచేసరికి విజయలక్ష్మి మేడం గదిలో ఇంకొకామె ఉంది. "వయసు మీద పడ్డది, రెస్టు తీసుకోమన్న" అని కరస్పాండెంట్ సారు చెప్పాడు. శాంతి ఆ వారమే వచ్చి, ఎవరూ అడగకుండానే కూతురి టీసీ తీసుకుని సర్కారు బడిలో చేర్చింది. ఆ మేడం లేని బడి నాకెందుకు అంది. తర్వాత కొన్నాళ్లకు నాకు సర్కారు ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు అక్కడా ఇంగ్లీషు మీడియమే. బోర్డులు మారాయి, పుస్తకాలు మారాయి. తండాల నుంచి, గొర్లు కాసే ఇళ్ల నుంచి వచ్చే పిల్లలు అవే కళ్లతో వచ్చి కూర్చుంటున్నారు. వాళ్లతో ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పరు. త్వరగా మాట్లాడించండి అని మాత్రం చెప్తారు.

మేడం చనిపోవడానికి ముందు కోదాడ వెళ్లి చూసొచ్చాను. ఆపరేషన్ అయి మంచం మీద ఉంది. నేను కూర్చోగానే మా అధికారుల మీద, ప్రైవేటు బళ్ల మీద, మైకుల మీద ఉన్న కోపమంతా వెళ్లగక్కాను. కళ్లు మూసుకుని విన్నది. "కోపం బాగుంది. ఈ ఏడు ఎవరు నోరు తెరిచారో అది చెప్పు" అంది. గొర్లకాపరి కొడుకు ఒకడు అయిదు నెలలు ఊరుకుని, మొన్న నేను పాఠం సాగదీస్తుంటే లేచి "మేడం, స్టాప్ టాకింగ్, ఐ టాక్" అన్నాడని చెప్పాను. కుట్లు పట్టుకుని నవ్వింది. నొప్పికి కళ్లలో నీళ్లు తిరుగుతున్నా ఆపలేకపోయింది. "వాడి పేరేంటి?" అని అడిగింది. చెప్పాను. రెండుసార్లు పలికి చూసుకుంది.

ఇప్పుడు నా క్లాసులో ఏ పిల్లైనా గొణగడం మానేస్తే, ఆ ఆదివారం వాళ్ల ఇంటికి పోతాను. గడప బయట కాసేపు నిలబడతాను. లోపల ఏ భాషైనా సరే, తిట్లైనా సరే, మాటలు వినిపిస్తే తలుపు తట్టకుండానే వెనక్కి వచ్చేస్తాను. వినిపించకపోతే చెప్పులు విప్పి లోపలికి వెళ్తాను.